కారు మీద గీతలు

“ఈ సాలెగూడు లాంటి గీతలు గరుకు పాలిష్ కాంపౌండ్‌తో ఒక్క దెబ్బకి పోతాయి గానీ, రంగు పలచబడుతుంది. సన్నదే వేద్దాం,” అన్నాడు పాలిష్ మేస్త్రీ, బానెట్ మీద లైటు పట్టి. “ఇంతకీ దేంతో తుడుస్తున్నారు సార్?”

“మెత్తటి గుడ్డే. మా అత్తగారి పాత చీర చింపాను. జరీ గీసుకున్నట్టుంది. పోయాక కూడా సాధిస్తోంది ముసల్ది!” నవ్వాడు భర్త.

“ఏ చీరండీ?” అంది భార్య. అమ్మ గుర్తుగా దాచుకున్న చీర కోసం ఆమె నెల్లాళ్లుగా ఇల్లంతా గాలిస్తోంది.

అతను నాలుక కరుచుకున్నాడు.

ఆమె డిక్కీ తెరిచి, జిడ్డోడుతున్న ఆకుపచ్చ ముక్కలు ఏరుకుంది.

“ఛీ, మసిగుడ్డలు ముట్టుకుంటావేంటి? చీరదేముంది, కొత్తది కొంటాలే.”

ఆమె ముక్కలన్నీ కొంగులో మూటగట్టుకుని రోడ్డు వైపు నడుస్తూ, ఒక్కసారి వెనక్కి తిరిగింది.

“నాతోపాటు మంచం కిందికి దూరి మరీ వెతికావు కదరా!”