కింద నేల ఏది?

కాకినాడ తీరంలో భూకంపాలు వానల్లా వచ్చిపోతున్న రోజులవి. ఇంటి కింద నేలలోకి లోతుగా దించిన పునాది స్తంభాలు, అంటే పైల్స్, ఎలా ఉన్నాయో ప్రతి ఇంట్లోనూ గోడే నోరు విప్పి చెబుతుంది. మొదటి అంతస్తులో సత్యవేణి పులుసులో చేపముక్కలు వేస్తుండగా ఇల్లంతా ఊగింది.

"పైల్స్ కొంచెం వంగాయి, విరగలేదు. లోతున ఉన్న గట్టి నేలను పట్టుకునే ఉన్నాయి," అంది గోడ.

వీధిలో విపత్తు రక్షణ అధికారి జీపులోంచి మైకులో అరిచాడు. "అందరూ కిందికి దిగాలి! ఇది రూలు!"

సత్యవేణి బాల్కనీలోకొచ్చి చూసింది. ఇసుక నేల నీళ్లూరి జావలా అయిపోయింది. జీపు చక్రాలు కూరుకుపోతున్నాయి.

"దిగడానికి కింద నేల ఏదండీ?" గరిటె ఊపుతూ అరిచింది. "మా ఇల్లు నిలబడే ఉంది. నేను దిగను!"

జీపు ఇంకాస్త కుంగింది. అధికారి బానెట్ మీదికెక్కాడు. ఆమె బాల్కనీకి కట్టి ఉన్న తాడు నిచ్చెన కిందికి విసిరింది.

"పైకి రండి సార్! ఆ రూలు మాత్రం జీపులోనే వదిలేయండి!"