హరిలాల్ గిటార్‌కు తగిన డబ్బా

“అది వద్దు బాబూ, మోసపోతారు.”

ఆ మాటకు హరిలాల్ చెయ్యి ఆగింది. భుజాన గిటార్, చేతిలో తండా మొత్తం పోగేసి ఇచ్చిన నాలుగు వేలున్నాయి. ఎదురుగా ఆగయ్య మైకుసెట్ల దుకాణంలో నల్లగా నిగనిగలాడుతూ కొత్త ఆంప్లిఫయర్ ఉంది. దానికి రంగురంగుల దీపాలు, ఎకో మీట, అన్ని హంగులూ ఉన్నాయి.

మాట్లాడింది మూల స్టూలు మీద కూర్చున్న ముసలాయన. తెల్ల పంచె, తెల్ల చొక్కా.

“ఎందుకద్దు?”

“స్టీల్ గిటార్ కదండీ. ఒళ్లో పెట్టుకుని తీగ మీద కడ్డీ జరిపితే స్వరం సాగుతుంది. ఈ డబ్బా అరుస్తుందే గానీ సాగే స్వరాన్ని మోయలేదు, పగలగొట్టేస్తుంది. ఆ పాతది తీసుకోండి, రెండున్నర వేలే. అది బ్యాటరీకి కూడా నడుస్తుంది. మిగిలిన డబ్బుతో పాత లారీ బ్యాటరీ ఒకటి కొనుక్కోండి. బొగ్గు గనులు ఆగిపోయాయి కదా, రేపు కరెంటును నమ్మలేం.”

సలహా బాగానే ఉంది. చెప్పిన కోస్తా యాసే పుండు మీద కారం చల్లినట్టయింది.

ఆ రోజులు అలాంటివి. ప్రత్యేక రాష్ట్రం కోసం సకల జనుల సమ్మె సాగుతోంది. బస్సులు లేవు, బడులు లేవు. కొత్తగూడ అడవి పక్క తండా నుంచి హరిలాల్, అతని అక్క కళావతి ట్రాక్టర్లు మారి మారి జనగామ చేరుకున్నారు. మర్నాడు చౌరస్తాలో వంటావార్పు. రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి, వండుకు తిని, అక్కడే ఆడిపాడి నిరసన తెలపడం. స్టేజీ పెత్తనం జగపతిది. ఆయన ముందే చెప్పాడు.

“పోయినసారి నీ గిటార్ ఎవ్వనికీ ఇనబడలే. రేపు గూడ గట్లనే అయితే దించుత. మీ తండోళ్లు డాన్సు జేస్తె సాలు.”

డాన్సు చేస్తే చాలట! తమ పాటను తమ భాషలోనే చౌరస్తాకు వినిపించి తీరాలని తండా పంతం పట్టింది. ఆ పంతమే ఈ నాలుగు వేలు.

“నీళ్లు తీస్కపోయిండ్రు, కొలువులు తీస్కపోయిండ్రు.” హరిలాల్ గొంతు లేచింది. “గిప్పుడు మా పాటకు ఏ డబ్బా గావాల్నో గది గూడ మీరే జెప్తరా?”

ఆగయ్య ఏదో చెప్పబోతే ముసలాయన చేత్తో వారించాడు. అక్కాతమ్ముళ్లు తమలో తాము ఇంటి భాషలో మాట్లాడుకోవడం విన్నాడు కాబోలు, మెల్లగా అడిగాడు.

“మీది ఏ తండా బాబూ?”

“ఏదైతే నీకేంది? ఆగయ్యన్నా, నల్లదే గట్టియ్యి.”

మర్నాడు చౌరస్తాలో ఇసుక వేస్తే రాలనంత జనం. పొయ్యిల మీద అన్నం ఉడుకుతోంది. కళావతి పాట ఎత్తుకుంది. హరిలాల్ కడ్డీ జరిపాడు. కొత్త డబ్బా కీచుమంది, తర్వాత బొంగురుపోయింది. రెండో చరణంలో కరెంటే పోయింది.

జగపతి స్టేజీ ఎక్కాడు. “అయిపాయె. దిగుండ్రి. డప్పులోళ్లు రాండ్రి.”

“దిగ,” అన్నాడు హరిలాల్.

“ఏంది?”

“పాట అయ్యేదాంక దిగ. నూకేస్తవా, నూకెయ్యి.”

అప్పుడే ముసలాయన ఒక రిక్షా వెంట నడుస్తూ వచ్చాడు. రిక్షాలో ఆగయ్య దుకాణంలోని పాత డబ్బా, పక్కనే లారీ బ్యాటరీ. ఎవరితోనూ మాట్లాడకుండా వైర్లు కలిపాడు, రెండు మీటలు తిప్పాడు, కిందికి దిగాడు.

వద్దనడానికి హరిలాల్ నోరు తెరిచాడు.

“నోర్మూస్కొని వాయించు,” అంది కళావతి.

వాయించాడు. కళావతి గొంతు ఎటు పోతే గిటార్ అటు పోయింది. ఎక్కడా పగల్లేదు, ఎక్కడా కీచుమనలేదు. భాష తెలియని వాళ్లు కూడా గరిటెలు పట్టుకుని అలాగే నిలబడిపోయారు. దించుతానన్న జగపతే “ఇంకోటి అందుకోరాదే అవ్వా” అని కళావతిని బతిమాలాడు.

చప్పట్లు ఆగలేదు. గెలిచిన పొగరుతో హరిలాల్ మైకు అందుకున్నాడు.

“మా మాటకు ఎన్నేండ్లు నవ్విండ్రు! ఇయ్యాల నోళ్లు మూస్కొని ఇన్నరు. గా నవ్వినోళ్ల మాట మాట్లాడెటోడు ఎవడైనా సరే, మావోడు గాదు!”

జనం ఈలలు వేశారు. ముసలాయన తల వంచుకుని జనంలోంచి నడిచి వెళ్లిపోయాడు. డబ్బా కూడా అడగలేదు.

ఆ డబ్బాను ఆయన తన సొంత డబ్బుతో కొన్నాడని ఆ సాయంత్రమే ఆగయ్య చెప్పాడు, ఆయన ఉండే గది గుర్తులు కూడా చెప్పాడు. ఒకరి సొమ్ము ఇంట్లో పెట్టుకుంటే హరిలాల్‌కు అన్నం సయించదు. వారం తిరక్కుండా డబ్బా, బ్యాటరీ ఆటోలో వేసుకుని మళ్లీ జనగామ వచ్చాడు. “తప్పయింది తాతా” అనే మాటను దారి పొడుగునా లోలోపల అనుకుంటూనే ఉన్నాడు.

గది ముందు చాలా చెప్పులున్నాయి. లోపల గోడకు దండ వేసిన ముసలాయన ఫోటో ఉంది.

ఫోటో కింద అద్దాల రవికె తొడిగిన ఒక ముసలమ్మ రాగం తీసి ఏడుస్తోంది. ఆ ఏడుపు హరిలాల్ ఇంటి భాషలో ఉంది.

హరిలాల్ చెప్పులు విడిచి ఆమె పక్కన కూర్చున్నాడు. తల్లిని పిలిచినట్టు ఆ భాషలోనే పిలిచి అడిగాడు. “ఆయన నీకేమైతడు యాడీ?”

“నా తమ్ముడు, బిడ్డా. మా తుల్సీరాం,” అందామె కొంగుతో కళ్లు ఒత్తుకుంటూ. “ఘనపూర్ తండాల నాతోని మేకలు గాసెటోడు, మద్రాసు పోయి సినిమా పాటలకు గిటార్ వాయించిండు, నోరు తెరిస్తె నవ్వుతుండ్రని ఆళ్ల మాట నేర్చుకున్నడు.”