ఆరింట ఐదు

వెంకటరామి జీన్స్ యూనిట్‌లో తయారయ్యే మబ్బు రంగు గుట్టు దొంగిలించి తెస్తే మేనేజరు కుర్చీ ఇస్తానని పోటీ యూనిట్ యజమాని సిద్ధేశ్ మాటిచ్చాడు. మోక రోడ్డు మీద ఒక హోటల్లో వన్ బై టూ టీ తాగుతూ కుదిరిన ఒప్పందం అది. ఎమ్మెస్సీ చదివి మూడేళ్లుగా ఉద్యోగం లేని జగదీశ్‌కు ఆ అర కప్పు టీ అమృతంలా దిగింది.

ఆ రంగు బళ్లారిలో ఇంకెవరికీ రాదు. డ్రమ్ముకు నీలి పొడి ఎంత వేస్తారన్నది ఆ ఇంటి గుట్టు. ఆ ఇంటికి జగదీశ్ రోజూ పోతూనే ఉన్నాడు. వెంకటరామి భార్య రామక్క నలభై రెండేళ్ల వయసులో టెన్త్ పరీక్ష కట్టింది. ఆమెకు లెక్కలు చెప్పేది అతనే.

ఆ సాయంత్రం కూడా ఆమె అరకు మూడో వంతు కలిపి, ఐదింట రెండు అని రాసింది.

“ఎన్నిసార్లు చెప్పాల రామక్కా? పైవి పైవీ, కిందివి కిందివీ కూడేస్తే ఎట్ల? కింద అంకె ఒకటే చేసుకోవాల. అర అంటే ఆరింట మూడు. మూడో వంతంటే ఆరింట రెండు. మొత్తం ఆరింట ఐదు.” ఎర్ర పెన్నుతో దిద్దాడు. “అరకు ఇంకొంచెం కలిపితే అర కన్నా తగ్గుతాదా ఏంది?”

“మా రంగుల పుస్తకంలో ఇట్లనే ఉండాది సారూ,” అంది రామక్క, కొంగుతో నుదురు తుడుచుకుంటూ. “ఉండప్పా, టీ పెట్టుకోనొస్తా.”

ఆమె వంటింట్లోకి పోగానే జగదీశ్ కుట్టుమిషను మీదున్న పాత పుస్తకం తెరిచాడు. మొదటి పేజీలోనే ఉంది.

మబ్బు రంగు. డ్రమ్ముకు నీలి పొడి 1/2 కేజీ + 1/3 కేజీ = 2/5 కేజీ.

మొగుడూ పెళ్లాం ఇద్దరిదీ ఒకే తెలివి! పొడి రెండు మోతాదులూ వేసి, కూడిక తప్పు రాసుకున్నారు. నవ్వాపుకుంటూ ఫోటో తీసుకున్నాడు.

మరునాడు సిద్ధేశ్ యూనిట్‌లో ఎలక్ట్రానిక్ కాటా మీద ఆరింట ఐదు కేజీ, అంటే ఎనిమిది వందల ముప్పై మూడు గ్రాములు, గ్రాము తేడా రాకుండా తూచి డ్రమ్ములో పోశాడు. మధ్యాహ్నానికి రెండు వందల ప్యాంట్లు బయటికొచ్చాయి. సిద్ధేశ్ ఒకటెత్తి వెలుగులో పట్టుకున్నాడు.

“ఏందప్పా ఇది? మబ్బు రంగు తెమ్మంటే వకీళ్ల కోట్లు తెస్తివి! కుర్చీ లేదు, ఏం లేదు. గేటు ఆడుండాది, చూసుకో.”

సాయంత్రం ఏమీ ఎరగనట్టు ట్యూషన్‌కు పోయాడు. ఉన్న ఆ ఒక్క పనైనా నిలబెట్టుకోవాలి కదా. రామక్క అప్పటికే నోటుబుక్కు తెరిచి కూర్చుంది. అరకు మూడో వంతు కలిపి, కింద అంకెలు సమం చేసి, ఆరింట ఐదు అని ముత్యాల్లా రాసింది.

“భేష్! వచ్చేసిందే రామక్కా!”

“ఇది నాకు మొదటి దినమే వచ్చింది సారూ.” ఆమె పేజీ తిప్పి, నిన్నటి ఎర్ర దిద్దుబాటు మీద వేలు పెట్టింది. “సిద్ధేశ్ ప్యాంట్లు నల్లగా వచ్చినాయని బజారంతా నగుతాండారు. అంత నల్లగా రావాలంటే ఆరింట ఐదు పడుండాల.”

జగదీశ్ చేతిలోని ఎర్ర పెన్నుకు మూత పెట్టాడు.

“ఆ రంగు కట్టింది మా ఇంటాయన కాదప్పా, నేను. దానికి పడేది ఐదింట రెండే. దొంగతనానికొచ్చేవాడు చదువుకున్నోడైతే తప్పు దిద్దకుండా పోలేడని, నిజం జవాబుకు ముందర తప్పు లెక్క తగిలించి పెట్టినా.”