అత్తిపత్తి మడి

"ఏమండీ, ఇవాళ మెట్ల దాకా వచ్చింది!" అని కిటికీలోంచి భార్య సంబరంగా పిలిచింది.

తోటలు వేయడమే వృత్తిగా గల భర్త మెట్ల చాటునుంచి తల ఎత్తలేదు. కొని పరిచిన పచ్చికను పెకలించి, ఆ నేలకు సొంతమైన మొక్కలతో అతడు నింపిన పెరడు అది. వాటి నడుమ తనంతట తానే మొలిచిన అత్తిపత్తి, గాలి లేని సాయంత్రాలలో గేటు నుంచి మెట్ల వైపు వరుసగా ఆకులు ముడుచుకునేది. నడక రాకముందే పోయిన పాప ఇప్పుడు అడుగులు వేస్తున్నదని భార్య నమ్మింది. నమ్మిన నాటి నుంచే మళ్లీ కడుపునిండా తింటున్నది.

కొసన గింజ కట్టిన సన్నని దారాన్ని ఆ ఆకుల మీదుగా లాగుతున్నది తానేనని భర్త చెప్పలేదు.

ఈ మోసం ఇక చాలనుకుని అతడు పార అందుకున్నాడు. "ముళ్ల మొక్క. కాళ్లకు గుచ్చుకుంటుంది, తవ్వేస్తాను."

"పిల్ల తిరిగే చోట పారేమిటండీ, మతి పోయిందా మీకు?" అని కసురుతూ ఆమె బయటికి వచ్చింది. అతని వేలికి చుట్టిన దారాన్ని నెమ్మదిగా విప్పి నేల మీద వదిలింది.

అతడు పార దించాడు. "నీకు తెలుసా?"

"మొదటి రోజే చూశాను. ఎవరో ఒకరు పట్టుకుని నడిపించాలి కదా అని ఊరుకున్నాను."

గేటు పక్కన, దారం తగలని ఒక ఆకు ముడుచుకున్నది. దాని తరువాత, మెట్ల వైపున మరొకటి.

"ఇక చెయ్యి వదిలెయ్యండి," అన్నది ఆమె. "దానికి నడక వచ్చేసింది."