నోరు విప్పని క్లయింటు

గదిలో అడుగు పెట్టగానే ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది. గడియారం కనపడే కుర్చీ కౌన్సెలర్‌దని పాఠాల్లో మొదటిరోజే చెప్తారు. సరిగ్గా ఆ కుర్చీలోనే క్లయింటు దర్జాగా కూర్చుని ఉన్నాడు. యాభై దాటిన మనిషి. నలిగిన చొక్కా, ఒళ్లో గుడ్డసంచి.

"రండమ్మా, కూర్చోండి" అన్నాడు, తన ఇంటికొచ్చిన చుట్టాన్ని పిలిచినట్టు.

పాపం, ఆయనకేం తెలుసు అనుకుని ఎదురు కుర్చీలో కూర్చుంది. "చెప్పండి" అంది, పుస్తకంలో రాసినంత మెత్తగా.

"నాకేముందమ్మా చెప్పడానికి? మీరే చెప్పండి."

క్లయింట్లు మొదట్లో బిగుసుకుంటారనీ, ఓపిక పట్టాలనీ ఆమె చదువుకుంది. ఆ ఓపిక ఒక్కటే ఆమె దగ్గర లేదు. ఇంట్లో ఆమె పేరు లాయరమ్మ. సైకాలజీ ఎం.ఏ.లో చేరుతుంటే "నువ్వా? జనం మాటలు వింటావా?" అని అక్క పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది.

పోయిన సెమిస్టర్ ప్రాక్టికల్లో ఒక పెద్దమనిషి వచ్చాడు. కోపమొస్తే పెళ్లాం మీద చెయ్యి లేస్తోందట, ఆ కోపం తగ్గే ఉపాయం చెప్పాలట. "ముందు ఇంటికెళ్లి ఆవిడ కాళ్లు పట్టుకోండి. మీ కోపం సంగతి తర్వాత చూద్దాం" అంది లాయరమ్మ. ఆయన విసవిసా లేచి వెళ్లి ఫిర్యాదు చేశాడు. డిపార్ట్‌మెంట్ ఆమెకు సున్నా వేసి ప్రొబేషన్‌లో పెట్టింది. కొట్టినవాడి మీద జాలి, కొట్టొద్దన్నదానికి సున్నా! ఇదెక్కడి న్యాయం?

హెడ్ మేడం పిలిచి, "ఇదే నీకు ఆఖరి అవకాశం. ప్రతి బుధవారం సాయంత్రం చివరి గదిలో కౌన్సెలింగ్‌కి కూర్చోవాలి. ఒకాయన వస్తారు. అక్కడ నువ్వు..." అంటుండగానే, "అర్థమైంది మేడం" అని లేచి వచ్చేసింది. ఒళ్లు మండిపోతుంటే ఇంకా ఏం వింటుంది? ఈ సెమిస్టర్ కూడా తప్పితే చదువు మానేసి ఇంట్లో కూర్చోవాల్సిందే.

అలాంటి ప్రాణసంకటంలో ఈ నోరులేని మనిషిని తెచ్చి అంటగట్టారు.

"బెల్లం కొట్టిన రాయిలా కూర్చుంటాడక్కా!" అంది ఒక బుధవారం ఇంటికి రాగానే. "నిద్ర పడుతోందా అంటే మీకు పడుతోందా అంటాడు. కావాలనే నా కొంప ముంచుతున్నాడు."

ఆస్పత్రి డ్యూటీకి యూనిఫాం ఇస్త్రీ చేసుకుంటున్న అక్క తలెత్తలేదు. "నువ్వు సందిస్తే కదే ఆయన మాట్లాడేది."

"నేనసలు నోరే మెదపను!"

"అబ్బో" అంది అక్క.

తర్వాతి వారం ఆయన తనంతట తానే ఒక మాట అన్నాడు. "ఇంట్లో కూడా నోరు విప్పనని మా ఆవిడ గోల."

తీగ దొరికింది, ఇక డొంకంతా కదిలించవచ్చని ఆమె కుర్చీ ముందుకు జరుపుకుంది. "మీకూ ఆవిడకూ పడదా?"

"మాకు బానే పడుతుందమ్మా. మీ ఇంట్లో ఎవరికి పడేది కాదు?"

"ఇక్కడ నా గొడవ కాదండీ!" ఆమె అరిచినంత పని చేసింది. "మీరిలా నీళ్లు నములుతూ కూర్చుంటే పోయేది నా చదువు!"

ఇంకేముంది, గట్టు తెగింది. పెద్దమనిషి సంగతి, సున్నా సంగతి, డిపార్ట్‌మెంట్‌కి సిగ్గులేని సంగతి అన్నీ ఏకరువు పెట్టింది. ఆయన మధ్యలో ఒక్కసారీ అడ్డు రాలేదు. అంతా అయ్యాక, "ఆయన మాట్లాడుతుంటే మీకు ఎవరు కనపడ్డారు?" అన్నాడు.

"నాన్న."

ఆ మాట ఎలా వచ్చిందో ఆమెకే తెలియలేదు. నాన్న చెయ్యి చేసుకున్న ప్రతిసారీ చుట్టాలు వచ్చేవారు. టీలు తాగి, సర్దుకుపొమ్మని అమ్మకే చెప్పి వెళ్లేవారు. "ఆయన్ని ఇదేంటని అడిగినవాళ్లు ఒక్కరంటే ఒక్కరు లేరు!" అని బల్ల మీద గుద్ది, భోరున ఏడ్చేసింది.

ఆయన మంచినీళ్ల గ్లాసు ఆమె వైపు జరిపాడు. "అడగాల్సిన మాటే అడిగారు. కాకపోతే మీ నాన్నని అడగాల్సింది ఇంకెవరినో అడిగారు."

ఆ రోజు ఆమెకు ఒళ్లెరగని నిద్ర పట్టింది. తెల్లారాక మాత్రం తల కొట్టేసినట్టయింది. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందని పెద్దలు ఊరికే అన్నారా? క్లయింటు ముందు కూర్చుని ఏడ్చే కౌన్సెలర్‌ని ఎవరు పాస్ చేస్తారు? అయినా బుధవారం వస్తే కాళ్లు ఆ గదికే నడిచేవి, నోరు నాన్న మాటే ఎత్తేది. ఆయన మాత్రం చివరి వారం దాకా తన గురించి ఇంకో ముక్క రాల్చలేదు.

సెమిస్టర్ ముగిసింది. తాడోపేడో తేల్చుకోవాలని ఆమె హెడ్ మేడం గదికి వెళ్లింది.

"రా, కూర్చో. నీ ప్రొబేషన్ ఎత్తేశాం."

సంతోషించాల్సింది పోయి ఆమెకు మళ్లీ మండింది. "జాలిపడి పాస్ చేస్తే నాకొద్దు మేడం! ఆయన నుంచి నేను ఒక్క ముక్క రాబట్టలేకపోయాను."

"ఆయన నీ గురించి చాలా బాగా చెప్పారే!"

"ఆయన చెప్తే సరిపోతుందా? క్లయింటు నోరు విప్పకుండా నేను పాసెలా అవుతాను?"

హెడ్ మేడం కళ్లద్దాలు తీసి, ఆమెను ఎగాదిగా చూసింది.

"క్లయింటువి నువ్వేనమ్మా!"