కోరపన్ను మీద గీత

"కాస్త వెలుగులోకి తిరగక్కా" అంది చెల్లెలు.

అక్క నోరు తెరిచి, విదేశంలో కట్టించుకొచ్చిన కొత్త పన్ను చూపించింది. "కళ్ళారా చూసుకో. ఖర్చు నాలుగింతలైతేనేం, విదేశీ పనితనం! ఇక్కడే కట్టించుకోమని నా ప్రాణం తీశావు. మనవాళ్ళకి పన్ను పీకడమే గానీ పెట్టడం ఎప్పుడొచ్చిందే?"

చెల్లెలు పదకొండేళ్ళుగా ఒక ల్యాబులో పింగాణీ పళ్ళు చేస్తోంది. విదేశీ క్లినిక్కులు కూడా అచ్చులు అక్కడికే పంపుతాయి. అచ్చు మీద నంబరే తప్ప పేరుండదు.

అక్క కోరపన్ను మీద, చిగురు పక్కన, సన్నటి గీత కనిపించింది. కిందటి నెల తన చేతిలో సానపట్టే మర జారి పడిన గీత అది. గట్టిదేదైనా కొరికితే విరుగుతుందని ఆ పన్ను పక్కన పడేసింది. యజమాని దాన్ని ఏరి డబ్బాలో పెట్టాడు. "పై దేశం వెళ్ళేదేగా, ఎవరు చూడొచ్చారు?" అన్నాడు.

"ఏమే, నోరు పడిపోయిందా?" అక్క నవ్వింది. "నీ జన్మలో చెయ్యగలవా ఇలాంటిది?"

"నా వల్ల ఎక్కడవుతుందక్కా."

బల్ల మీద పెంకు తీయని బాదంకాయల గిన్నె ఉంది. చెల్లెలు దాన్ని అక్క ముందుకు జరిపింది.

"ఏదీ, నాకొకటి కొరికి పెట్టు."