అరవై రెండు

"బాబూ, ఆ నిప్పు మిషనుకి ఒక నంబరా, రెండు నంబర్లా?"

స్టేజి కింద నుంచి ఎవరో అడిగారు.

ఈశ్వర్ తల తిప్పలేదు. నిచ్చెన మీదున్నాడు, నోట్లో టేపు ముక్క ఉంది, పొద్దు వాలిపోతోంది. పని నెత్తి మీదున్నప్పుడే ఊళ్ళో వాళ్లందరికీ సందేహాలొస్తాయి మరి!

కోటబొమ్మాళి అవతల ఓ పల్లెలో అమ్మవారి పండగ అది. ఆమదాలవలసలో లైటింగు సామాను అద్దెకిచ్చే ఈశ్వర్‌కి ఇంత పెద్ద స్టేజి ఇదే మొదలు. అదొక్కటే కాదు, మొదటి డాన్సు అతని కూతురిదే. ఉషకి తొమ్మిదేళ్లు. పాట అయిపోయాక స్టేజి ముందంచున నిప్పురవ్వలు చిచ్చుబుడ్డిలా లేవాలి.

"నాను దండమెట్టి ఎనక్కెల్లిపోయినాకే ఏస్తావు కదా నానా?" అని పొద్దుటి నుంచి పదిసార్లు అడిగింది పిల్ల.

"నీకు సెగ కూడా తగలనిస్తానేటే!" అన్నాడు ఈశ్వర్.

స్టేజి మీద ప్రతి సామానుకీ ఓ నంబరు పెట్టాలి. ఇంటికి డోరు నంబరు లాంటిదే. కింద బోర్డు మీద ఏ నంబరు మీట ఎత్తితే ఆ సామాను పని చేస్తుంది. రంగు లైట్లకి ఒకటి నుంచి అరవై. నిప్పు మిషనుకి అరవై ఒకటి. ఆడే పిల్ల మీద పడే తెల్ల లైటుకి అరవై రెండు. ఈశ్వర్‌ది ఏళ్ల తరబడి ఇదే వరస.

అయితే అతని మిషను మొన్ననే పాడైంది. తనలాగే సామాను అద్దెకిచ్చే నవీన్ దగ్గర ఒకటి అరువు తెచ్చాడు. పాతదానికి ఒకటే మూతి, దీనికి రెండు. మూతులు ఎన్నయితే ఏం, మిషను ఒక్కటేగా అనుకున్నాడు. రవ్వలు లేపే పొడి ఒక్క విడతకే ఉంది కాబట్టి వేసి చూడలేదు.

"బాబూ, నిన్నే."

కిందికి చూశాడు. యాభై దాటిన మనిషి. మాసిన చొక్కా, చేతిలో టార్చి లైటు.

"నీకెందుకు మావా?"

"రెండు మూతులది రెండు నంబర్లు తింటాది. పక్క నంబరు ఎవులికిచ్చినావు?"

"గుడ్డొచ్చి పిల్లని ఎక్కిరించినట్టు నాకు సెప్పొచ్చినావేటి? ఎల్లు ఎల్లు."

వెళ్లిపోయాడనే అనుకున్నాడు. నిచ్చెన దిగొచ్చేసరికి ఆ మనిషి మిషను ముందు గొంతుక్కూర్చుని బటన్లు నొక్కుతున్నాడు. అరవై ఒకటి పోయి వంద వచ్చింది.

ఈశ్వర్‌కి ఒళ్ళు మండిపోయింది. చొక్కా పట్టి లేపి చెంప మీద ఒక్కటిచ్చాడు.

"నా సామాను ముట్టుకుంటావేట్రా! తాగొచ్చినావా?"

"తాగలేదు బాబూ. నీకు దండమెడతాను, వందలోనే ఉంచీ, దాని పక్కన ఏటీ నేదు."

కమిటీ పెద్ద గోవింద్ పరుగెత్తుకొచ్చాడు. "ఏటీ గొడవ? జనాలు కేకలేస్తన్నారు, మొదలెట్టు!"

"ముందు ఈ పిచ్చోన్ని అవతలికి ఈడ్చీండి."

నలుగురు ఈడ్చుకుపోయారు. "రెండు బాబూ! దానికి రెండూ!" అని ఆ మనిషి అరుస్తుంటే జనం నవ్వారు. ఈశ్వర్ కూడా నవ్వాడు. వంద తీసేసి మళ్లీ అరవై ఒకటి పెట్టాడు. మిషను వేడెక్కడానికి స్విచ్చి వేసి, వెళ్లి బోర్డు దగ్గర కూర్చున్నాడు.

ఉష వచ్చింది. జిగేల్‌మనే నైలాను పావడా, పూల జడ. ఆడవాళ్లు మెటికలు విరిచారు. స్టేజి పక్కన నిలబడ్డ తల్లి పద్మకుమారి కళ్ళు తుడుచుకుంది. ఈశ్వర్‌కి గుండె నిండిపోయింది.

డప్పు జోరందుకుంది. పిల్ల ముందంచుకు వచ్చి గిర్రున తిరిగింది. దాని ముఖం ఊరంతా చూడాలి. ఈశ్వర్ తెల్ల లైటు మీట ఎత్తాడు.

అరవై రెండు.

లైటు వెలిగింది. మిషను రెండో మూతి కూడా భగ్గుమంది.

ఎత్తిన చెయ్యి దించడానికి ఎంతసేపు పట్టింది? రెప్పపాటు. నైలాను పావడాకి ఆ రెప్పపాటే చాలు.

ఈశ్వర్ బోర్డు దాటి పరుగెత్తేలోపే ఎవరో తడిగోనె కప్పి పిల్లని చుట్టేశారు. ఆ మనిషే. గోనె తడుపుకుని జనంలో నిలబడే ఉన్నాడు.

శ్రీకాకుళం ఆస్పత్రిలో ప్రాణానికి భయం లేదన్నారు. ముఖం సంగతి ఎవరూ మాట్లాడలేదు. పద్మకుమారి మొగుడి వైపు చూడటం మానేసింది.

మర్నాడు మధ్యాహ్నం ఆ మనిషి వచ్చాడు. వెంట ఇరవయ్యేళ్ల కూతురు. ముఖం సగానికి చున్నీ కప్పుకుంది. తిన్నగా వెళ్లి ఉష మంచం మీద కూర్చుని, కట్టు లేని చెయ్యి పట్టుకుంది.

ఈశ్వర్ ఆయన కాళ్ల మీద పడ్డాడు. "సెప్పుచ్చుకుని కొట్టు మావా. నా పిల్లని నానే కాల్సీసినాను."

ఆయన వంగి లేవనెత్తాడు. వరండాలోకి వెళ్లిపోయాడు.

"మీ నాన్న పేరేటమ్మా?" అని ఆ అమ్మాయిని అడిగాడు ఈశ్వర్.

"జగన్నాధం. నా పేరు దుర్గాభవాని. ఏ ఊర్లో స్టేజి కడతన్నారన్నా బస్సెక్కి ఎల్లిపోతాడు. తిడతారు, కొడతారు. అయినా మానడు."

ఫ్యాను గాలికి చున్నీ జారింది. ఈశ్వర్ చూశాడు. చెవి నుంచి గడ్డం దాకా చర్మం ముడుచుకుపోయి ఉంది.

"నిన్నిలాగ సేసిన పనికిమాలినోడు ఎవులమ్మా?"

ఆ అమ్మాయి వరండా వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించింది.

"నాను స్టేజి మీద ఆడిన రోజు నంబర్లు పెట్టినోడు మా నాన్నేనండి."